నీటి క్రింది ఒడంబడిక: జేమ్స్ ఈడ్స్ జీవితము

భూమిమీద గోడ కట్టినవానికి హద్దురాళ్లు కలవు, దస్తావేజు కలదు. గోడ బీటలు వారినచో ఎవరు మరమ్మతు చేయవలెనో ఊరివారందరికిని తెలియును. రేవు కొరకు నీటి అడుగున కట్టిన గట్టు సంగతి వేరు. అది కంటికి కానరాదు. దాని క్రింది నేల ఒకరిది. దానిమీది నీటిపై అధికారము మరియొకరిది. దానివలని లాభము వేలకొలది వర్తకులది. అది క్రుంగినచో, దానిప్రక్కన ఇసుక మేట వేసినచో, ఆ భారము నెవరు మోయవలెను? కట్టినవాడా, కట్టించిన ప్రభుత్వమా, నేల గల రాష్ట్రమా, ఆ దారిని పోవు ఓడల యజమానులా?

ఈ ప్రశ్నకు న్యాయశాస్త్ర గ్రంథములలో కంటె ఒక మనుష్యుని జీవితములో తేటయైన సమాధానము దొరకును. అతడు 19వ శతాబ్దమున అమెరికాలో పేరుపొందిన ఇంజనీరు జేమ్స్ బుకానన్ ఈడ్స్. మిసిసిపీ నదిమీద సెయింట్ లూయిస్ పట్టణమున నేటికిని నిలిచియున్న ఉక్కు వంతెన అతని పేరనే పిలువబడుచున్నది. అయినను అతని జీవితమునకు సారమనదగినది ఆ వంతెన కాదు. ఆ మహానది సముద్రములో కలియు మొగయొద్ద అతడు నీటి అడుగునుండి లేపిన గట్లు, వానివలన ఏర్పడిన లోతును కాపాడుదునని అతడు వ్రాసి యిచ్చిన ఒడంబడిక. అవియే ఈ కథకు మూలము.

బాల్యము

ఈడ్స్ 1820వ సంవత్సరము మే 23వ తేదీన ఇండియానా రాష్ట్రములోని లారెన్స్‌బర్గ్ అను చిన్న పట్టణమున జన్మించెను. తల్లికి జ్ఞాతియు, పిమ్మట అమెరికా అధ్యక్షుడు అయినవాడును అగు జేమ్స్ బుకానన్ పేరునే బిడ్డకు పెట్టిరి. పేరు గొప్పదైనను ఇంట కలిమి లేదు. తండ్రి వ్యాపారములు ఒకటి వెంట నొకటి చెడుచుండెను. బ్రతుకుతెరువు వెదకికొనుచు కుటుంబము సిన్సినాటికి, అటనుండి లూయివిల్‌కు, 1833లో సెయింట్ లూయిస్‌కు తరలెను. వారు ఎక్కి వచ్చిన స్టీమరు రేవు చేరు సమయముననే నిప్పంటుకొని కాలిపోయెను. ప్రాణములు దక్కెను, సామాను దక్కలేదు. తల్లి పూటకూటి యిల్లు నడపెను. పదుమూడేండ్ల కుర్రవాడు బడి మాని వీథులలో ఆపిల్ పండ్లు అమ్మెను.

కొంతకాలమునకు అతడు విలియమ్స్ అను బట్టల వర్తకుని అంగడిలో కొలువునకు కుదిరెను. ఆ వర్తకుడు మంచి పుస్తకములు కూర్చుకొన్న విద్యాప్రియుడు. కుర్రవాని జిజ్ఞాసను గుర్తించి, పని ముగిసిన పిమ్మట తన పుస్తకములు చదువుకొనుటకు అనుమతి నిచ్చెను. పగలు అంగడి పని, రాత్రి గణితము, యంత్రశాస్త్రము. ఈడ్స్ చదివిన కళాశాల అదియే. పిమ్మటి కాలమున పట్టములు గల ఇంజనీర్లతో వాదమునకు దిగినప్పుడు అతని చేతిలో పట్టము లేదు. అతడు పఠించిన రెండవ గ్రంథము నదియే.

నది అడుగున నడచినవాడు

పంతొమ్మిదవ యేట అతడు ఒక స్టీమరులో గుమాస్తాగా చేరెను. ఆ స్టీమరు సీసపు దిమ్మెల బరువుతో 1839లో మునిగిపోయెను. ఆ దినములలో మిసిసిపీలో ఇట్టి ప్రమాదములు సామాన్యము. వరదలకు ఒడ్డు కోసుకొనిపోయి కూలిన చెట్లు నదీగర్భమున నాటుకొని, మోడులై, నీటిమట్టమునకు కొంచెము క్రిందుగా పొంచియుండును. తగిలిన ఓడ అడుగు చీలి మునుగును. మునిగిన ఓడ సరుకుతో సహా అట్లే పడియుండి, తరువాత వచ్చు ఓడకు తానే ఆపదయగును. ఆ సరుకును పైకి తీయు పని చేయువారు అరుదు.

1842లో, ఇరువది రెండేండ్ల వయసున, ఈడ్స్ తాను గీసిన పటములు చేతబట్టుకొని కేస్, నెల్సన్ అను పడవ నిర్మాతలయొద్దకు పోయెను. మునిగిన సరుకును పైకి తీయుటకు వలయు యంత్రములు, పంపులు, నీటిలోనికి దిగుటకు గంటవంటి తొట్టి గల పడవను తనకు కట్టియిచ్చినచో, లాభములో భాగమిత్తునని చెప్పెను. చేతిలో ధనము లేని కుర్రవాని మాటను వారు నమ్మిరి.

పడవ సిద్ధము కాకముందే మొదటి పని వచ్చెను. కియోకక్ అను చోట నదీ వేగము మిక్కుటమైన తావున సీసపు దిమ్మెలతో ఒక పడవ మునిగియుండెను. ఈడ్స్ ఒక గజయీతగానిని జీతమునకు పిలిపించెను. అతని దుస్తులు ప్రశాంతమైన సరస్సులలో పనికివచ్చునవే గాని ఆ వేగమునకు ఆగలేదు. అప్పుడు ఈడ్స్ ఊరిలోనికి పోయి ఒక పెద్ద సారా పీపాను కొని, దాని ఒక మూత తీసివేసి, చుట్టు సీసము వ్రేలాడదీసి, లోపల కూర్చుండుటకు పట్టీ కట్టి, పైనుండి గొట్టముద్వారా గాలి పంపునట్లు అమర్చెను. దానిలో దిగుటకు గజయీతగాడు ఒప్పుకొనలేదు. ఈడ్స్ స్వయముగా దిగెను. సీసము పైకి వచ్చెను.

అది మొదలు పెక్కేండ్లు అతడు మిసిసిపీ అడుగున నడచెను. ఆ బురదనీటిలో కన్ను పనిచేయదు. చేతితో తడవి, కాలితో త్రొక్కి తెలిసికొనవలెను. ఒకసారి అరువదియైదు అడుగుల లోతున నిలిచినప్పుడు, తన కాలి క్రింది నేల నేల కాదనియు, ప్రవాహముతోపాటు కదలిపోవు ఇసుక రాశియనియు అతడు గ్రహించెను. కాలు మూడడుగులు దిగబడినను గట్టినేల తగులలేదు. నీరు వేగముగా పారినచో ఇసుకను ఎత్తుకొనిపోవును. వేగము తగ్గినచోట దించివేయును. ఈ చిన్న సత్యమును ముప్పదియేండ్ల పిమ్మట అతడు ఒక దేశపు ఓడవర్తకమునకే ఆధారము చేసెను.

మునిగిన సొత్తు ఎవరిది?

ఈ వృత్తియే అతనికి నీటి క్రింది సొత్తును గూర్చిన ధర్మమును నేర్పెను. ఓడ మునిగినంతమాత్రమున అది అనాథ కాదు. అది యజమానిదే, భీమా కంపెనీ నష్టపరిహారము చెల్లించినచో, ఆ మేరకు కంపెనీది. పైకి తీసినవానికి ఆ సరుకు విలువలో తగిన ప్రతిఫలము పొందు హక్కు కలదు. యజమాని నిజముగా విడిచిపెట్టినచో మాత్రమే దొరకినవానికి స్వామ్యము వచ్చును. కావున ఈడ్స్ భీమా కంపెనీలతో ఒప్పందములు చేసికొని, పైకి తీసిన సరుకులో వాటా పొందుచుండెను. తీయలేకపోయినచో కూలి లేదు. ఫలము కనబడిన పిమ్మటనే ప్రతిఫలమను నియమము అతని స్వభావములోనే నాటుకొనెను.

అయితే ఈ న్యాయమునకు ఒక లోటు కలదు. విలువగల సరుకును తీయుటకు అందరును ముందుకు వత్తురు. విలువలేని శిథిలమును, దారికడ్డమైన మోడును తీయువాడెవడు? అది ఎవరికిని ఆస్తి కాదు, అందరికిని ఆపద. 1849 మే నెలలో సెయింట్ లూయిస్ రేవున అగ్ని ప్రమాదము జరిగి ఇరువది మూడు స్టీమర్లు కాలిపోయినప్పుడు ఈ ప్రశ్న పట్టణమునకు ప్రత్యక్షమయ్యెను. ఆ శిథిలములను తొలగించు పనిలో ఈడ్స్ పడవలు మిక్కిలి శ్రమించెను. నడుమ గాజు కర్మాగారము పెట్టి నష్టపోయి అప్పులపాలైన అతడు, ఈ వృత్తివలననే ఆ అప్పులు తీర్చి ధనవంతుడయ్యెను.

1856లో అతడు అమెరికా కాంగ్రెసునకు ఒక ప్రతిపాదన పంపెను. పశ్చిమ నదులలోని మోడులను, శిథిలములను తొలగించి, కొన్ని సంవత్సరములపాటు ఆ మార్గములను నిరాటంకముగా ఉంచుదును. అందులకు ప్రభుత్వము సాలీనా ఇంతయని చెల్లించవలెను అని దాని సారాంశము. ప్రతినిధుల సభ అంగీకరించెను. సెనేటులో అది నిలిచిపోయెను. ఒకసారి శుభ్రపరచుట కాదు, శుభ్రముగా ఉంచుటయే పని యను భావము అప్పటికే అతనిలో రూపుదాల్చెనని దీనివలన తెలియుచున్నది.

1861లో అంతర్యుద్ధము వచ్చినప్పుడు ప్రభుత్వము అతనికి ఏడు ఇనుపకవచపు యుద్ధనౌకల పని ఒప్పగించెను. కొద్ది నెలలలో అవి నదిమీదికి వచ్చెను. ప్రభుత్వమునుండి తనకు రావలసిన సొమ్ము పూర్తిగా ముట్టకముందే అవి యుద్ధము చేసెను. వానిలో కైరో అనునది 1862 డిసెంబరులో నీటి మందుపాతర తగిలి యాజూ నదిలో మునిగెను. నూరేండ్లకు పైగా బురదలో పడియుండి, 1964లో పైకి తీయబడి, నేడు విక్స్‌బర్గ్‌లో ప్రదర్శనలో నున్నది. మునిగిన ఓడలను తీసినవాడు కట్టిన ఓడయే అట్లు మునిగి తేలుట విధివిలాసము.

వంతెన, దాని మూల్యము

యుద్ధానంతరము సెయింట్ లూయిస్‌లో మిసిసిపీకి వంతెన కట్టు పనికి ఈడ్స్ ప్రధాన ఇంజనీరయ్యెను. అంతకుముందు అతడు ఒక్క వంతెనయు కట్టలేదు. నది అడుగు కదలునని ఎరిగినవాడు గనుక, స్తంభములను ఇసుకలో గాక దాని క్రింది రాతిమీదనే నిలుపవలెనని పట్టుపట్టెను. తూర్పు స్తంభము నీటిమట్టమునకు సుమారు తొంబది నాలుగు అడుగుల క్రింద రాతిని అందుకొనెను. అందులకు అడుగు లేని పెద్ద ఇనుప పెట్టెలను నదిలోనికి దింపి, లోపల గాలిని గట్టిగా నొక్కి నీటిని వెలికి నెట్టి, ఆ గాలిలో కూలివారిచేత ఇసుక త్రవ్వించిరి. కేసనులని వాని పేరు.

నొక్కిన గాలిలో పనిచేసి త్వరగా పైకి వచ్చినవారికి కీళ్లు పట్టుకొనిపోయెను. కొందరు అట్లే కూలిపోయిరి. అప్పటికి ఆ వ్యాధి స్వరూపము వైద్యులకు బోధపడలేదు. పదిమందికి పైగా కూలివారు మరణించిరి. ఈడ్స్ తన వైద్యుని నియమించి, పనిగంటలు తగ్గించి, చికిత్సకు ఏర్పాటు చేసెను. అయినను పోయిన ప్రాణములు పోయినవే. 1874 జులై 4వ తేదీన వంతెన ప్రారంభమయ్యెను. ఉక్కును అంత విరివిగా వాడిన పెద్ద వంతెనలలో అది మొదటిది. దానిని చూచువారికి కమానులు కనబడును; వాని క్రింద నీటిలోని మూల్యము కనబడదు.

మొగయొద్ద మేట

మిసిసిపీ సముద్రమును చేరుటకు ముందు కొంగకాలి వ్రేళ్లవలె పాయలుగా చీలును. ఆ పాయల మొగలయొద్ద వేగము తగ్గి, నది తెచ్చిన ఇసుక మేటలై పేరుకొనును. నూరు మైళ్లు ఎగువన నున్న న్యూ ఆర్లియన్స్ మహారేవునకు ద్వారము ఈ మేటలే. ఓడలు దినములు, ఒక్కొక్కప్పుడు వారములు, మొగయొద్ద తగులుకొని నిలిచిపోవుచుండెను. ప్రభుత్వము త్రవ్వుపడవలను పంపెను. త్రవ్విన చోట తరువాతి వరదకు మరల మేట వేయుచుండెను. గోదావరి మేటవలన కోరంగి రేవు పూడిపోయిన వృత్తాంతము తెలిసిన మనకు ఈ దుస్థితి క్రొత్త కాదు.

అమెరికాలో ఈ మొగ ఎవరిది? 1845లో ఆ దేశపు సుప్రీంకోర్టు, ఆటుపోటులు గల నీటి క్రింది నేల ఆయా రాష్ట్రములదని నిర్ణయించెను. అంతకుముందే, 1824లో, ఓడల రాకపోకలు వర్తకములో భాగమనియు, రాష్ట్రముల నడుమ జరుగు అట్టి వర్తకముపై కేంద్రమునకు అధికారము గలదనియు అదే కోర్టు చెప్పియుండెను. అనగా నేల రాష్ట్రమునకు, దారి దేశమునకు చెందినవి. ఓడలు పోవు దారికి ఏ ఒక్కరును స్వామి కారు, అది ప్రజలది. కాని ప్రజలదైన దారి పూడిపోవుచున్నప్పుడు పార పట్టవలసిన చేయి ఏది?

ఆ చేయి తమదేయని సైనిక ఇంజనీర్ల శాఖ భావించెను. దాని అధిపతి జనరల్ హంఫ్రీస్ మిసిసిపీని పెక్కేండ్లు శోధించి 1861లో గొప్ప నివేదిక ప్రకటించిన పండితుడు. మొగలను బాగుచేయ ప్రయత్నించుట వ్యర్థమనియు, గట్లు కట్టినచో మేట సముద్రములోనికి మరికొంత దూరము జరుగునే గాని పోదనియు, ఎగువనుండి వేరొక కాలువ త్రవ్వి సముద్రమునకు కలుపుటయే మార్గమనియు ఆయన అభిప్రాయము. ఈడ్స్ దీనికి సరిగా ఎదురు చెప్పెను. మొగయొద్ద ఇరువైపుల గట్లు కట్టి ప్రవాహమును ఇరుకు చేసినచో, వేగము పెరిగి, నదియే తన మేటను తాను కోసికొని లోతుకడలిలో పారవేయునని అతని వాదము. యంత్రము త్రవ్వినది ఒకసారి. నది రేయింబవళ్లు త్రవ్వును.

అతని సిద్ధాంతము క్రొత్తది కాదు. ఐరోపాలో కొన్ని నదులయందు అప్పటికే అమలైనది. క్రొత్తది అతడు ముందుంచిన షరతు. పని అంతయు తన ఖర్చుతో చేయుదుననియు, అనుకొన్న లోతు రానిచో ప్రభుత్వము దమ్మిడీ యివ్వనక్కరలేదనియు 1874లో అతడు కాంగ్రెసునకు వ్రాసి యిచ్చెను.

ఒడంబడిక

పెద్ద వివాదము చెలరేగెను. ఇంజనీర్ల సంఘ మొకటి ఐరోపా నదులను చూచి వచ్చి, ఒక్కరు తప్ప తక్కినవారందరు గట్లవైపే మొగ్గిరి. అయితే ఈడ్స్ కోరిన పెద్దదియు లోతైనదియు నగు నైరుతి పాయను ఇవ్వలేదు. దక్షిణపు పాయ యను చిన్నదానిని ఒప్పగించిరి. దాని మొగయొద్ద సుమారు తొమ్మిది అడుగుల లోతే కలదు. తలభాగమున మరియొక మేట కలదు. ఆ లోతును ముప్పది అడుగులు చేయవలెను.

1875 మార్చి 3వ తేదీ చట్టములో ఆ ఒడంబడిక షరతులు వ్రాయబడెను. ఉపాధ్యాయులు, విద్యార్థులు ఈ షరతులను శ్రద్ధగా గమనించవలెను; ఏలయన నీటి క్రింది కట్టడములను గూర్చిన వివేకమంతయు అందులో కలదు. ఇరువది అడుగుల లోతును, రెండువందల అడుగుల వెడల్పును వచ్చిన పిమ్మట 5 లక్షల డాలర్లు. ఆపైన లోతు పెరిగిన కొలది మరికొన్ని వాయిదాలు. మొత్తము 52 లక్షల 50 వేల డాలర్లు. అందులో 10 లక్షల డాలర్లు మాత్రము పని పూర్తియైనను చేతికి రావు. ప్రభుత్వము వానిని పూచీగా ఉంచుకొని, సగము పదేండ్లకును, తక్కిన సగము ఇరువదియేండ్లకును, వడ్డీతో ఇచ్చును. ఆ ఇరువదియేండ్లు లోతును కాపాడినందులకు సాలీనా లక్ష డాలర్లు వేరుగా.

ఇందులో రెండు సంగతులు కలవు. మొదటిది, గట్లు కట్టినందులకు ఎక్కడను ధర లేదు. లోతు వచ్చినందులకే ధర. ఎన్ని బండలు వేసిరి, ఎందరు కూలివారు పనిచేసిరి అను లెక్క ప్రభుత్వమునకు అక్కరలేదు. రెండవది, తాను తెరచిన ద్వారముమీద ఈడ్స్‌కు స్వామ్యము లేదు. ఓడలనుండి సుంకము వసూలు చేయు హక్కు లేదు. దారి ప్రజలది, బాధ్యత అతనిది. ఆస్తి యొకరిది, రక్షణ మరియొకరిది అయినప్పుడు సామాన్యముగా రక్షణ సన్నగిల్లును. అట్లు జరుగకుండుటకే పది లక్షల డాలర్లను ప్రభుత్వము పట్టియుంచెను.

విల్లో రెమ్మల గోడ

1875 జూన్‌లో పని మొదలయ్యెను. రాయి దొరకని ఆ చిత్తడినేలలో ఈడ్స్ వాడిన ముఖ్య వస్తువు విల్లో చెట్ల రెమ్మలు. వానిని పైన్ దుంగల చట్రములలో పేర్చి బిగించి పెద్ద పరుపులుగా చేసిరి. వానిని పడవలతో లాగుకొనిపోయి, గుంజలవరుస ప్రక్కన నిలిపి, పైన రాళ్లు వేసి ముంచిరి. ఒకదానిపై నొకటి అట్లు దిగుచు నీటిమట్టము వరకు లేచెను. రెమ్మల సందులలో నది తెచ్చిన ఒండ్రు చేరి గట్టిపడును. నదియే తన గోడకు అడుసు మెత్తును. సుమారు వేయి అడుగుల ఎడముతో రెండు గోడలు సముద్రములోనికి సాగెను. తూర్పు గోడ పొడవు రెండు మైళ్లకు పైబడినది. పిమ్మట అలల తాకిడికి ఆగుటకై సముద్రపు కొసలయందు పెద్ద కాంక్రీటు దిమ్మెలు వేసిరి.

నది అతని మాట విన్నది. మనుష్యులు అంత సులభముగా వినలేదు. లోతు పెరుగుట లేదనియు, గట్ల ముందు క్రొత్త మేట పుట్టుచున్నదనియు సైనిక ఇంజనీర్లలో కొందరి మాటలు 1876లో పత్రికలకు ఎక్కెను. వెంటనే పెట్టుబడిదారులు వెనుకంజ వేసిరి. ఫలము చూపనిదే ప్రభుత్వమునుండి డబ్బు రాదు. డబ్బు లేనిదే ఫలము రాదు. అప్పుడు, మే 12వ తేదీన, హడ్సన్ అను సముద్రపు స్టీమరు మొగకు వచ్చెను. దాని అడుగు నీటిలోనికి పదునాలుగున్నర అడుగులకు పైగా దిగియుండెను. దాని కెప్టెన్ నిండు వేగముతో గట్ల నడుమనుండి ఓడను నడిపించుకొనిపోయెను. ఎక్కడను నేల తగులలేదు. నూరు వాదములు చేయలేని పనిని ఒక ఓడ ఒక్క గడియలో చేసెను.

అయినను కష్టములు తీరలేదు. మొదటి వాయిదాలు ముట్టినను అప్పులు మిక్కుటముగా ఉండెను. 1878లో పచ్చజ్వరము ఆ ప్రాంతమంతటను వ్యాపించి గట్లమీద పనిచేయువారిని బలిగొనెను. కాంగ్రెసు షరతులను కొంత సడలించి ముందుగా కొంత సొమ్ము విడుదల చేసెను. 1879 జులైలో ప్రభుత్వోద్యోగి గుండు వేసి లోతు చూచి, గట్ల నడుమ ముప్పది అడుగుల లోతు గలదని ధ్రువపరచెను. వారములు నిలిచిపోయెడి ఓడలు దర్జాగా ఎగువకు సాగెను. న్యూ ఆర్లియన్స్ ఓడవర్తకము మరల పుంజుకొని, కొలది సంవత్సరములలోనే దేశపు పెద్ద రేవుల వరుసలో నిలిచెను.

కట్టుట, కాపాడుట

సామాన్యముగా ఇంజనీర్ల జీవితకథలు ఇచ్చట ముగియును. జెండాలు ఎగురును, ఉపన్యాసములు జరుగును. ఈడ్స్ విషయమున సగము పని అప్పుడే మొదలయ్యెను. ఇరువదియేండ్లు, దినదినము, ఆ లోతు నిలువవలెను. తుపాను వచ్చి కొస దిమ్మెలను కదల్చును. రెమ్మల పరుపులు బరువుకు క్రుంగును. కొయ్యను తొలుచు సముద్రపు పురుగు గుంజలను తినివేయును. వరద తగ్గిన దినములలో వేగము మందగించి మేట తల యెత్తును. మనుష్యులు పడవలమీద తిరుగుచు లోతు చూచి గుర్తు వేసికొనవలెను. క్రుంగిన చోట రాయి వేయవలెను. అవసరమైనచో త్రవ్వుపడవను దింపవలెను. ఈ పనికి జెండాలు లేవు. దీనిని చూచువారును లేరు. లోతు సరిగా నున్నంతకాలము ఎవరును తలచుకొనరు. ఒక్క ఓడ తగులుకొనిననాడే అందరును తలచుకొందురు.

ఈడ్స్ ఆ కాలమున దేశదేశములనుండి పిలుపులు అందుకొనెను. లివర్‌పూల్, టొరాంటో, వెరాక్రుజ్ రేవులవారు అతని సలహా కోరిరి. లండనులోని కళాసంఘము 1884లో అతనికి ఆల్బర్ట్ పతకము నిచ్చెను. ఆ గౌరవము పొందిన అమెరికనులలో అతడు మొదటివాడు. మెక్సికోలోని టెహువాంటెపెక్ భూసంధిమీద ఓడలనే రైలుబండిపై ఎక్కించి ఒక సముద్రమునుండి మరియొక సముద్రమునకు చేర్పవలెనని తుది సంవత్సరములలో కలగనెను. ఆ కల నెరవేరలేదు. 1887 మార్చి 8వ తేదీన బహామా దీవులలోని నస్సావులో అతడు మరణించెను.

మనిషి మరణించెను, ఒడంబడిక మరణించలేదు. పదియేండ్ల గడువునకే ఇంకను రెండేండ్లు మిగిలియుండెను. అతని తరువాతివారు ఆ బాధ్యతను వహించి, 1901 వరకు గట్లను కాపాడి, పిమ్మట ప్రభుత్వమునకు అప్పగించిరి. తండ్రి అప్పు కొడుకు తీర్చుట లోకమున కలదు. ఇచ్చిన మాటను నీటి అడుగున అన్ని యేండ్లు నిలుపుట అంతకంటె పెద్ద వారసత్వము.

పిమ్మటి కాలము

ఆ నడుమనే, 1899లో, అమెరికా కాంగ్రెసు ఒక ముఖ్యమైన చట్టము చేసెను. ఓడలు పోవు నీళ్లలో ప్రభుత్వానుమతి లేనిదే ఎవరును గట్టు గాని, స్తంభము గాని, వంతెన గాని కట్టరాదు. ఓడ మునిగినచో దాని యజమాని వెంటనే గుర్తు నిలిపి, దానిని తీయించుటకు పూనుకొనవలెను. వదలివేసినచో ప్రభుత్వము తొలగించును. ఈడ్స్ యౌవనమున ఎవరికిని చెందక పడియున్న శిథిలమునకు, ఎట్టకేలకు చట్టము ఒక బాధ్యుని చూపెను.

ఓడలు పెద్దవైన కొలది దక్షిణపు పాయ చాలకపోయెను. 20వ శతాబ్దారంభమున ప్రభుత్వము ఈడ్స్ మొదట కోరిన నైరుతి పాయకే గట్లు కట్టించెను. నేటికిని పెద్ద ఓడల దారి అదియే. దక్షిణపు పాయను పెద్ద ఓడల కొరకు కాపాడుట మానిన పిమ్మట అది మరల మేట వేసెను. పోర్ట్ ఈడ్స్ అని అతని పేరు పెట్టిన చోటు ఇప్పుడు చేపలు పట్టువారి పడవలకు మజిలీ. మనుష్యుడు చేయి తీసిన చోట నది తన పాత పని తాను చేసికొనును.

మరియొక సంగతి కూడ చెప్పకున్న ఈ చరిత్ర సమగ్రము కాదు. ఒడ్డులవెంట కట్టలు, మొగలయొద్ద గట్లు నదిని ఇరుకున బంధించుటచే, పూర్వము చిత్తడినేలలను పెంచిన ఒండ్రులో చాలభాగము లోతుకడలిపాలగుచున్నది. ఈ కారణముననే గాక, నేల క్రుంగుట, చమురు కాలువలు మొదలగు ఇతర కారణములవలనను, 1932 మొదలు 2010 వరకు లూసియానా తీరమున సుమారు 1,900 చదరపు మైళ్ల నేల నీటిపాలయ్యెనని అచటి భూగర్భశాస్త్ర శాఖ లెక్క. ఈడ్స్ ఒడంబడికలో లోతునకు ధర కలదు. ఆ నేలకు ధర లేదు. అప్పటివారిలో ఎవరును దానిని వ్రాయవలెనని తలంపలేదు. ఏ కట్టడమునకైనను బాధ్యత ఎంతవరకను ప్రశ్న ప్రతి తరమువారును మరల వేసికొనవలసినదే.

మన తీరమునను నీటి క్రింది కట్టడములు కలవు. విశాఖపట్టణము రేవు కట్టునాడు రెండు పాత ఓడలను ముంచి, అలలను ఆపు గట్టునకు పునాదిగా చేసిరి. తీరము వెంబడి కదలు ఇసుకను ఎప్పటికప్పుడు తోడుచుండుట ఆ రేవునకు నాటినుండి తప్పని పని. రేవును చూడబోయిన విద్యార్థులకు పెద్ద ఓడలు, క్రేనులు కనబడును. వాని క్రింద కనబడని గట్టు, దానిని కనిపెట్టుకొని లోతు లెక్క వ్రాసికొను ఉద్యోగి, ఆ లెక్క తప్పినచో జవాబు చెప్పవలసిన సంస్థ కలవని ఉపాధ్యాయులు వారికి చెప్పవలెను. అది నాదియని అనుటకు ఒక దస్తావేజు చాలును. దానిని కాపాడు పూచీ నాదియని వ్రాసి యిచ్చుటకు ఈడ్స్‌వంటి గుండె కావలెను.